పశుదయ: పసివారికి నేర్పవలసిన తీరు



కనుమ పండుగనాడు మన యిండ్లలో పశువులకు జరుగు మర్యాదను వర్ణింప నక్కఱలేదు. కొమ్ములకు రంగు పూయుదుము. మెడలో గంటలు గట్టుదుము. నుదుట పసుపు కుంకుమ లుంచి పొంగలి తినిపింతుము. ఆనాడు ఎద్దుమెడ మీద కాడి పెట్టువాడు లేడు. ఆ సంబరములో పెద్దలకంటె పిల్లలకే పాలు హెచ్చు. అయితే సంవత్సరములో మిగిలిన 364 దినములును ఆ పిల్లలే ఆ పశువుల ప్రక్కన మెలగుచుందురు. తొట్టికడకు తోలుకొని పోవువారు వారు; దూడను విడుచువారు, మరల కట్టువారు వారు; సెలవుదినములలో గట్లమీద మేపువారును వారే. ఆ 364 దినములలో వారు మనవలన ఏమి నేర్చుకొనుచున్నారో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పిల్లలకు పశుదయ నేర్పవలెనా, వలదా యను ప్రశ్నకు తావులేదు. నేర్పుట ఇదివఱకే జరుగుచున్నది. తండ్రి బరువుబండి కదలనప్పుడు ములుకోలతో ఎద్దును పొడిచిన, కొడుకు చూచుచునే యుండును. తల్లి కుడితి కలిపి, అది మరీ వేడిగా నున్నదేమో యని చేయి ముంచి చూచి గేదె ముందర పెట్టిన, కూతురు చూచుచునే యుండును. ఈ రెండును పాఠములే. మనము తలపెట్టినను తలపెట్టకున్నను ఈ బడి నడచుచునే యున్నది. కావున ఆలోచింపవలసిన దేమనగా, ఆ పాఠమును తెలిసి, క్రమముగా, నిజము తప్పక నేర్పుట యెట్లు అనునదే.

ఈ ఆలోచనకు నేడొక విశేషకారణము గలదు. అనేక గ్రామములలో కాడియెడ్లు తగ్గి ట్రాక్టర్లు హెచ్చినవి. పిల్లలు పగలంతయు బడిలో నుందురు. పూర్వము పశువు వెంట తిరిగి కన్నులతో నేర్చుకొన్న సంగతులు నేటి పిల్లలకు పుస్తకముద్వారానో, సెల్‌ఫోను తెరద్వారానో అందవలసి వచ్చుచున్నది. అట్టి పాఠములు కూర్చువారు తొందరపడిన, పిల్లలకు ఏనుగులయు సింహములయు పేర్లు తెలియునే గాని, తమ దొడ్డిలోని గేదె యేల నెమరు వేయుట మానినదో తెలియదు.

ఇతరులు చేసిన ప్రయత్నములు

పిల్లలకు పశుదయ నేర్పుటకై సంఘములు ఏర్పడుట క్రొత్త గాదు. ఇంగ్లండు దేశమున 1875లో కేథరిన్ స్మిథీస్ అను నామె పిల్లలకొఱకు ‘బ్యాండ్ ఆఫ్ మెర్సీ’, అనగా దయాసంఘము, స్థాపించెను. 1882లో అమెరికాలోని బోస్టను నగరమున జార్జి ఏంజెల్ అను న్యాయవాది అదే పేరుతో సంఘములను నెలకొల్పెను. ఆ సంఘములలో చేరు పిల్లలు జంతువులయెడ దయగా నుందుమనియు, వానిని క్రూరులబారినుండి కాపాడ ప్రయత్నింతుమనియు మాట యిచ్చెడివారు.

ఈ యుద్యమమునకు మిక్కిలి తోడ్పడిన దొక కథాపుస్తకము. 1877లో అన్నా సీవెల్ అను ఆంగ్లవనిత ‘బ్లాక్ బ్యూటీ’ అను గ్రంథమును ప్రకటించెను. ఒక గుఱ్ఱము తన జీవితమును తానే చెప్పుకొనినట్లు ఆ కథ నడచును. ఆనాడు ధనికుల బండ్లకు గట్టు గుఱ్ఱముల తల యెల్లప్పుడు ఎత్తుగా నుండవలెనని తోలుపగ్గమొకటి బిగించి కట్టు ఆచారముండెను. అట్లు కట్టిన గుఱ్ఱము తల వంచి బలమంతయు పెట్టి బండి లాగజాలదు. దానికి నొప్పియు తప్పదు. ఆమె ఆ పగ్గమువలని బాధను గుఱ్ఱమునోటనే చెప్పించెను. 1890లో ఏంజెల్ ఆ పుస్తకమును అమెరికాలో ముద్రింపించి విరివిగా పంచిపెట్టెను. మనము ఇందుండి గ్రహింపవలసిన నీతి యొకటి గలదు. ‘జంతువులను ప్రేమింపుడు’ అని నూఱుమార్లు చెప్పుటకంటె, ‘ఈ పట్టెడ ఈ చోట ఒరయుచున్నది, దీనిని వదులు చేయుడు’ అని యొక్కసారి చెప్పుట మేలు.

మన దేశమున 1952లో రాజ్యసభకు నియమింపబడిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసా నివారణకై సభయందు స్వయముగా బిల్లు ప్రవేశపెట్టిరి. ప్రభుత్వము తానే చట్టము చేయ నంగీకరింపగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడినది. ఆ చట్టము ననుసరించి 1962లో జంతుసంక్షేమ మండలి యేర్పడగా, ఆమెయే తొలి యధ్యక్షురా లయ్యెను. ఆ చట్టములోని 9వ విభాగము మండలి చేయవలసిన పనులలో నొకటిగా, జంతువులను దయతో చూచుటను గూర్చి యుపన్యాసములు, పుస్తకములు, గోడపత్రికలు, చలనచిత్రములు మొదలగు వానిద్వారా విద్య గఱపుటను పేర్కొన్నది. 1976లో రాజ్యాంగమున చేరిన 51-ఎ అధికరణము ప్రాణులయెడ దయ గలిగియుండుట ప్రతి పౌరుని విధియని తెలిపినది.

అయితే చట్టము చేయగల పనికి మితి గలదు. 1960 నాటి ఆ చట్టములో తొలి నేరమునకు వ్రాసిన జుర్మానా 10 రూపాయలకు తక్కువగాక 50 రూపాయలకు మించకుండ నుండును. అట్టి జుర్మానా చేతికఱ్ఱను ఆపునా? మఱియు తెల్లవాఱుజామున దొడ్డిలో ఏమి జరుగుచున్నదో చూచుటకు ఏ యధికారియు రాడు. అచ్చట నుండువారు పశువును, దాని యజమానియు, అతని బిడ్డలును మాత్రమే.

ఐదు సంగతులు

దయ యనగా కన్నీరు గార్చుట కాదు. పశువునకు కావలసినదేమో తెలిసికొని, వేళకు సమకూర్చుట. ఇంగ్లండులో 1965లో బ్రాంబెల్ కమిటీ పశుపోషణను విచారించి నివేదిక నిచ్చెను. దాని ననుసరించి 1979లో అచ్చటి సంక్షేమసభవారు పశువులకుండవలసిన సౌఖ్యములను ఐదుగా నిర్ణయించిరి. పిల్లలు చేతివ్రేళ్లమీద లెక్కించుకొనదగిన ఈ ఐదు సంగతులను మన దొడ్డికి అన్వయించి చెప్పుదము.

మొదటిది ఆకలిదప్పులు లేకుండుట. మేతను గూర్చి రైతునకు చెప్ప నక్కఱలేదు గాని, నీటి విషయమున పొరపాటు జరుగుచుండును. పాలలో నూటికి 80 వంతులకు పైగా నీరే. పాడిగేదె వేసవిలో దినమునకు 50 లీటర్లకు పైగా త్రాగగలదు. దినమునకు రెండుమార్లు మాత్రము తొట్టికి తోలు ఇండ్లలో పశువు దాహముతోనే గడపుచుండవచ్చును. పిల్లవానికి ఒక బకెట్టు నిచ్చి, అది ఎన్ని లీటర్లు పట్టునో చెప్పి, మన గేదె ఒకదినమున ఎన్ని బకెట్లు త్రాగినదో గోడమీద గీతలు గీయుమనుడు. ఒక వారములో వాడు లెక్కయు నేర్చును, దాహమన నేమో యెఱుంగును.

రెండవది ఇబ్బందిలేని వసతి. గేదెకు ఆవుకంటె చెమటగ్రంథులు తక్కువ, చర్మము నలుపు, కావున ఎండను ఓర్వజాలదు. అది బురదగుంటలోనికి పోవుట సోమరితనము గాదు, చల్లదనమునకై పడు పాటు. చెఱువు లేనిచోట మధ్యాహ్నము ఒంటిమీద నీళ్లు చల్లుట పిల్లలకు ఆటవలెను ఉండును, పశువునకు ప్రాణము లేచివచ్చినట్లును ఉండును. పనిపశువునకు విశ్రాంతియు వసతిలో భాగమే. 1965 నాటి నిబంధనల ప్రకారము బండిలాగు పశువుచే దినమునకు మొత్తము 9 గంటలకు మించియు, ఎడతెగక 5 గంటలకు మించియు పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటు చోటులలో పగలు 12 మొదలు 3 గంటలవఱకు పని చేయింపరాదు. ఈ మూడు అంకెలును బడిపిల్లలకు కంఠస్థము కావలెను.

మూడవది నొప్పి, గాయము, వ్యాధి లేకుండుట. ఇంటిలో పశువు జబ్బును మొదట కనిపెట్టగలవాడు తఱచుగా పిల్లవాడే. ఏలనన, వానికి తీరిక యెక్కువ, కన్ను చుఱుకు. వానికి చూడవలసిన గుర్తులు చెప్పుడు: ముట్టె తడిగానున్నదా, చెవులు వ్రేలవేసినదా, నెమరు వేయుచున్నదా, మెడమీద కాడి ఒరిసిన పుండున్నదా, చెవులలో పిడుదులున్నవా? సుఖముగానున్న పశువు ఒక్కొక్క ముద్దను సుమారు 40 మొదలు 70 మార్లు నమలి మ్రింగును. పిల్లలు దీనిని లెక్కించుటకు మిక్కిలి ఇష్టపడుదురు. నెమరు ఆగినదని వాడు వచ్చి చెప్పిననాడు వానిమాట పెడచెవిని పెట్టక పశువైద్యునికి కబురు పంపవలెను. జబ్బుచేసిన పశువునకు ఇనుము కాల్చి వాతలు పెట్టుటవలన వ్యాధి పోదు. పుండొకటి అదనముగా చేరును. గాలికుంటు టీకా వేయుదినమున పిల్లలను దూరముగా తఱుమక దగ్గఱ నిలిపి, ఆ సూది యేలనో చెప్పుడు.

నాలుగవది తన స్వభావము ననుసరించి మెలగుటకు వీలుండుట. దూడకు పరుగు కావలెను. కోడికి నేల గీరుకొనుట కావలెను. మేకకు ఎత్తెక్కుట కావలెను. పగలంతయు మూరెడు పలుపుతో కట్టబడిన దూడను సాయంకాలము అరగంట విడిచిపెట్టి చూడుడు. అది తోక యెత్తి గంతులు వేయునప్పుడు పిల్లవాడు నవ్వును. ఆ నవ్వే పాఠము. కోళ్లకు కాళ్లుగట్టి తలక్రిందులుగా సైకిలుకు వ్రేలాడదీసి సంతకు గొనిపోవుట అవసరము గాదనియు, గాలియాడు గంప చాలుననియు వానికి ఇట్టిచోటనే తెలియవలెను.

ఐదవది భయము లేకుండుట. పశువు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును చాలమేర కానబడును గాని, సరిగా వెనుక భాగము కానరాదు. వెనుకనుండి హఠాత్తుగా వచ్చు పిల్లవానిని అది తన్నుట కోపమువలన గాదు, బెదరువలన. భుజమువైపునుండి, పేరుపెట్టి పిలుచుచు సమీపింపుమని నేర్పుడు. అఱపులు, దెబ్బలు నడుమ పాలుపితికిన గేదె ఎగజేపును. బెదరిన పశువు దేహములో పాలు చేపుట కాటంకము కలుగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన యాడువారు శాస్త్రము చదువకయే దీనిని ఎఱుగుదురు. దయయు లాభమును ఒకేచోట కలియు సంగతులలో ఇది యొకటి.

కుక్కకాటు: దాచరాని సంగతి

పశుదయను బోధించువారు పిల్లల రక్షణను మఱచిన, ఆ పాఠము సగమే. వీధికుక్కను ఱాళ్లతో కొట్టుట తప్పని చెప్పునప్పుడే, తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతో నున్న కుక్కను తాకరాదని చెప్పవలెను. కుక్క ఎదురైన పరుగెత్తక, చేతులు కదల్పక, దాని కన్నులలోనికి చూడక నిలిచిన, అది తఱచుగా వాసన చూచి తొలగిపోవును.

అయినను కాటు పడినయెడల చేయవలసినది ప్రతిపిల్లవానికి తెలియవలెను. వెంటనే పుండును సబ్బుతోను, పారునీటితోను 15 నిమిషములు కడుగవలెను. కారము, పసుపు, సున్నము పూయరాదు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి టీకా వేయించుకొని, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను తప్పక పోవలెను. గాయము లోతైనదైన టీకాతోపాటు మఱియొక మందును వేయుదురు. పిచ్చికుక్క కాటువలన జలభీతి లక్షణములు ఒకసారి పొడసూపిన పిదప బ్రదుకుట దాదాపు అసంభవము. అంతకుముందు వేయించుకొన్న టీకా ప్రాణము నిలుపును. 1885లో లూయీ పాస్టరు ఈ టీకాను మొట్టమొదట వేసి కాపాడినది జోసెఫ్ మైస్టర్ అను 9 ఏండ్ల బాలుని. పిచ్చిదని అనుమానింపబడిన జంతువుల కాటుపడువారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది.

ఇచ్చట తల్లిదండ్రులకొక మాట. కుక్కను కవ్వించితివని కొట్టుదురేమో యను భయముచే కాటును దాచు పిల్లలు గలరు. చిన్న గీఱుడే గదా యని ఊరకుందురు. పిల్లవాడు ఏ తప్పు చేసియున్నను, కాటును వచ్చి చెప్పినందుకు వానిని దండింపరాదు. ఇంటిలో ఈ యొక్క నియమము లేనందున ప్రాణము పోగలదు.

పాఠము కూర్చు పద్ధతి

ఉపాధ్యాయులును, సంఘములును, చదువుకొన్న యువకులును పిల్లలకై ఇట్టి పాఠములు వ్రాయ బూనుకొనిన, కాగితముమీద వ్రాసినను, గోడమీద వ్రాసినను, సెల్‌ఫోను తెరమీద చూపినను, ఈ క్రింది సంగతులు గమనింపవలెను.

పిల్లవాడు ప్రతిదినము చూచు జంతువుతోనే ప్రారంభింపవలెను. గేదె, ఎద్దు, మేక, కోడి, వీధికుక్క, చూరులోని పిచ్చుక, ఇవి చాలును. దూరదేశపు మృగములు తరువాత రావచ్చును.

ఒక పుటకు ఒక్కటే సంగతి యుండవలెను. ఆ సంగతి చివర చేతితో చేయవలసిన పని యొకటి యుండవలెను. ‘వేసవిలో పక్షులకు దాహమగును’ అని వ్రాసి విడువక, ‘మట్టిమూకుడులో నీరుపోసి నీడన పెట్టుము, ప్రతి ఉదయము మార్చుము’ అని వ్రాయవలెను. సంక్రాంతికి గాలిపటము లెగురవేయు పిల్లలకు, గాజుపొడి పూసిన నైలాను దారము పక్షుల ఱెక్కలను, మనుష్యుల మెడలనుగూడ కోయుచున్నందుననే 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినదని చెప్పి, నూలుదారముతో ఎగురవేయుమనవలెను.

రక్తము గాఱు చిత్రములు పిల్లలకు చూపరాదు. సుకుమారుడైన పిల్లవాడు భయపడి పుస్తకము మూయును. గట్టివాడు రెండుమూడుమార్లు చూచి అలవాటుపడును. రెండును మనకు వలయు ఫలితములు గావు. కాడి సరిగా అమరిన మెడను ఒకప్రక్క, సరిగా అమరని మెడను ఒకప్రక్క గీతలతో చూపిన చాలును.

చెప్పునది నిజమై యుండవలెను. ఎఱ్ఱగుడ్డ చూచిన ఎద్దు రేగునని పలువు రందురు. ఎఱుపురంగు ఎద్దునకు అంతగా తెలియదు. గుడ్డ ఊపుటయే దానిని రేపును. ఇట్టి సంగతులు పిల్లలు తామే పరీక్షించి చూడదలతురు గనుక, వానిని దూరమునుండియే గమనింపుమని హెచ్చరికయు వ్రాయవలెను.

వయస్సునుబట్టి పాఠము మాఱవలెను. అయిదాఱేండ్ల వానికి పెద్ద అక్షరములు, పొట్టి వాక్యములు, ఎక్కువ బొమ్మలు. ఎనిమిది పదియేండ్ల వానికి లెక్కలు, గుర్తులు, చేతిపనులు. పండ్రెండేండ్లు దాటినవానికి కారణములు చెప్పవచ్చును. ఉదాహరణమునకు, పశువుల నొప్పులకు వాడుచుండిన డైక్లోఫినాక్ అను మందు, ఆ పశువు చచ్చిన తరువాత కళేబరమును తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచి, వానిని లక్షలకొలది నాశనము చేసినది. 2006లో పశువులకు ఆ మందు వాడుటను మన ప్రభుత్వము నిషేధించినది. దానికి బదులు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు గలదు. దొడ్డిలో వేసిన ఒక సూది ఆకాశమున ఎగురు పక్షిని తాకుట యెట్లో ఈ యొక్క కథవలన పెద్దపిల్లలకు బోధపడును.

సెల్‌ఫోను తెరపై పాఠము చూపువారికి మఱికొన్ని జాగ్రత్తలు గలవు. పిల్లవాని పేరు, ఊరు, చిత్రము అడుగరాదు. 18 ఏండ్లు నిండనివారి వివరములు గైకొనుటకు తల్లిదండ్రుల అనుమతి వలయునని 2023 నాటి చట్టము విధించుచున్నది. నడుమ వ్యాపార ప్రకటనలు చొప్పింపరాదు. పల్లెలలో సంకేతములు అందుట కష్టము గనుక బరువైన చిత్రములు వాడక, తేలికగా తెఱచుకొనునట్లు కూర్పవలెను. పాఠము చదివిన పిల్లవాడు ఫోను క్రింద పెట్టి దొడ్డిలోనికి పోయిననే ఆ పాఠము నెగ్గినట్లు.

పిల్లలడుగు కష్టమైన ప్రశ్నలు

దయను నేర్చిన పిల్లవాడు మనలను ప్రశ్నింపక మానడు. “నాయనా, పెయ్యదూడకు పాలు విడిచితివి, దున్నదూడ కేల విడువవు?” అని యడుగును. “ముసలి యెద్దును ఎవరికి అమ్మితివి? వా రేమి చేయుదురు?” అని యడుగును. అప్పుడు కోపపడుటయో, అబద్ధమాడుటయో జరిగెనా, మన పాఠమంతయు నీటిమీది వ్రాత యగును.

దున్నదూడ విషయమున నిజమేమనగా, దానివలన రాబడి లేదని అనేకులు దానిని అశ్రద్ధ చేయుదురు. రైతునకు పాలమ్మనిది గడవదు. ఇది దాచవలసిన సంగతి గాదు. కాని ప్రతి దూడకును, ఆడదైనను మగదైనను, ఈయక తీఱని ఋణమొకటి గలదు: అది ముఱ్ఱుపాలు. దూడకు తల్లికడుపులో రోగనిరోధకశక్తి అందదు, ముఱ్ఱుపాలద్వారానే అందును. ఆ శక్తిని దూడ ప్రేగు గ్రహింపగలుగుట పుట్టిన తొలిగంటలలో ఎక్కువ, ఒక దినము గడచునప్పటికి దాదాపు లేదు. కావున మొదటి గంటలోనే త్రాగించి, తొలిదినమున దూడ బరువులో పదియవవంతు అందునట్లు చూడవలెను. మాయ పడువఱకు ముఱ్ఱుపాలు విడువరాదను నమ్మకమువలన ఎన్నో దూడలు నష్టమగుచున్నవి. తరువాత నట్టలమందు, కొంచెము పాలు, లేతగడ్డి, పొడినేల, ఇవి రైతు శక్తికి మించినవి గావు. “మనము దీనికి అన్నియు ఈయలేము, కాని దీనిని ఆకలితో చావనీయము” అని తండ్రి చెప్పిన మాటలో బిడ్డకు నిజమును దయయు రెండును కానవచ్చును.

ముసలి పశువు విషయముననుగూడ అంతే. దానిని కడవఱకు పోషింపగల యిల్లు కొన్ని. పోషింపలేని యిండ్లు పెక్కు. మాంసము తిను ఇండ్లు గలవు, తినని ఇండ్లు గలవు. ఒకేబడిలో ఒకే బల్లమీద ఆ యిండ్ల పిల్లలు కూర్చుందురు. పాఠము వారిని విడదీయరాదు. ఏ యింటివారైనను ఒప్పుకొనదగిన మాట యొకటి గలదు: పశువు బ్రదికియున్నంతవఱకు ఆకలి, దాహము, భయము, అనవసరపు నొప్పి దానికి కలుగనీయరాదు, దాని చివరి ప్రయాణమందైనను ఇరుకుబండిలో, నీరులేక, కాలువిఱిగి పోనీయరాదు. ఈ మాటకు మతభేదము లేదు, కులభేదము లేదు.

సంఘము చేయదగిన పనులు

సహకారసంఘముల సభ్యులకు నా మనవి యిది. ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కఱలేదు.

పాలకేంద్రముకడ గోడమీద నెలకొక పాఠము వ్రాయింపవచ్చును. ఉదయము సాయంకాలము పాలకేనుతో వచ్చు పిల్లలు అచ్చట నిలుచునప్పుడు దానిని చదువుదురు. చైత్రమున నీరు, వర్షారంభమున టీకాలు, దూడలు పుట్టుకాలమున ముఱ్ఱుపాలు, పుష్యమున గాలిపటపు దారము, ఈ విధముగా ఋతువునకు తగిన పాఠము నుంచవలెను.

సభ్యుని యింట బడికిపోవు బిడ్డ యుండిన, వానికొక చిన్నపుస్తకము నిచ్చి, ఇంటి పశువొకదాని దినచర్య వ్రాయుమనవచ్చును: త్రాగిన నీరు, తిన్న మేత, నెమరు, గాయములు, టీకాతేదీ, ఈనిన తేదీ. మూడునెలలలో ఆ పుస్తకము తండ్రికిని, పశువైద్యునికిని అక్కఱకు వచ్చును. తన వ్రాత పెద్దలకు ఉపయోగపడినదని తెలిసిన పిల్లవాడు ఆ పనిని విడువడు.

పశువైద్యుడు గ్రామమునకు వచ్చు శిబిరమును వీలైనంతవఱకు బడి సెలవుదినమున నేర్పాటుచేయ గోరవలెను. పిల్లలు గట్టుదాటి నిలిచి చూచి, ప్రశ్నలడుగుటకు ఒక గడియ కేటాయింపవలెను.

పశువుల పోటీలు జరుగు గ్రామములలో అలంకారమునకే గాక, పుండులేని మెడకు, చక్కగా అఱగదీసిన గిట్టలకు, బెదరులేని నడవడికి బహుమాన మీయవలెను. ఆ పశువును గూర్చి దాని యింటి బిడ్డను నాలుగు ప్రశ్నలడిగి, వాని జవాబులనుగూడ లెక్కలో చేర్పవలెను.

సోదరులారా, మన పిల్లలలో అందఱును సేద్యము చేయుదురని చెప్పలేము. కొందఱు పట్టణములకు పోవుదురు, కొందఱు ఉద్యోగులగుదురు, కొందఱు వైద్యులగుదురు. కాని నోరులేని ప్రాణి అక్కఱను దాని ముఖమునుబట్టి గ్రహించి, చెప్పకయే తీర్చుట నేర్చినవాడు ఎచ్చటికి పోయినను, ముసలివారియెడ, రోగులయెడ, తనకింద పనిచేయువారియెడ ఆ నేర్పును ఉపయోగించును. నేటి సాయంకాలమే మీ బిడ్డచేతికి బకెట్టు నిచ్చి, గేదె ఎంత త్రాగునో కొలిచి చెప్పుమనుడు. వాడు వచ్చి లెక్క చెప్పునప్పుడు, చేతిలోని పని ఆపి వినుడు.